బెదిరిన మెదడుకు పాఠం ఎక్కదు

సంపాదకుడు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో మెదడు, భావోద్వేగాలు, పిల్లల చదువు గురించి వచ్చిన వ్యాసం చదివాను. బాగుంది. చదవాల్సిన వాళ్లు చదివారా అన్నదే నా బాధ. ముప్పై రెండేళ్లు జూనియర్ కాలేజీలో జంతుశాస్త్రం చెప్పినవాణ్ణి, రాయకుండా ఉండలేకపోతున్నాను.

విన్న పాఠాన్ని జ్ఞాపకంగా మలిచేది మెదడులోని హిప్పోకాంపస్ అనే భాగం. దాని పక్కనే బాదంగింజంత అమిగ్డలా ఉంటుంది. భయాన్ని పసిగట్టడం దాని పని. పిల్లలు రోజూ బెదురుతూ ఉంటే ఒంట్లో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్ పెరుగుతుంది, వచ్చిన జవాబు కూడా సమయానికి తట్టదు. అది బద్ధకం కాదు. పైగా పగలు చదివింది కుదురుకునేది నిద్రలోనే. ఇవన్నీ ఇంటర్ పిల్లలకు కంఠతా వచ్చు. వాళ్లను చదివించేవాళ్లకే పట్టదు.

మా మనవరాలు హాస్టల్లో ఉండి చదువుతోంది. పొద్దున అయిదింటికి లేపుతారు, రాత్రి పదకొండు దాకా స్టడీ అవర్. వారం వారం టెస్టు. మార్కులు తగ్గితే కింది సెక్షన్, ఆ జాబితా గోడమీద. "తాతయ్యా, పేపర్ చూడగానే చేతులు చల్లబడిపోతున్నాయి" అని ఫోన్లో ఏడ్చింది. వార్డెన్ని అడిగితే "అమ్మాయికి సీరియస్‌నెస్ లేదండీ" అన్నారు. దసరాకి ఇంటికొచ్చి మూడు రోజులు కంటినిండా నిద్రపోయింది. నాలుగో రోజు, అక్కడ రాలేదన్న లెక్కలే నాకు విడమర్చి చెప్పింది.

విశాఖలో నీట్ శిక్షణకు వచ్చిన విద్యార్థిని మరణం కేసులో సుప్రీంకోర్టు 2025 జూలై 25న స్పష్టంగా చెప్పింది: కోచింగ్ కేంద్రాలు మార్కులను బట్టి బ్యాచ్‌లు విడదీయకూడదు, అందరిముందూ అవమానించకూడదు. వంద మంది, అంతకుమించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హతగల కౌన్సెలర్ ఉండాలి. తనిఖీకి వచ్చే అధికారులు ఆఫీసు గదిలో రిజిస్టర్లు చూసి వెళ్తారు తప్ప, రాత్రి పదింటికి ఒక్కసారైనా హాస్టల్ మెట్లెక్కారా? 2019లో తెలంగాణ ఇంటర్ ఫలితాల తర్వాత ఇరవైమందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. నాలుగు రోజులు ధర్నాలు, ఒక కమిటీ. ఆ తర్వాత? అదే గంట, అదే గోడ, అదే జాబితా.

మీమీద కూడా నాకు కోపమే. ఆ వ్యాసం వచ్చిన రోజునే పేజీ తిప్పితే నిండా ర్యాంకుల ప్రకటన. కింది సెక్షన్లో కూర్చున్న పిల్లల ఫొటో ఎవరూ వేయరు. దయచేసి మీ విలేకరులను మన ఊరి హాస్టళ్లకు పంపండి. ఏ కాలేజీలో కౌన్సెలర్ ఉన్నారో, ఎక్కడ లేరో పేర్లతో సహా అచ్చు వేయండి.

ఇట్లు,
ఒక విశ్రాంత అధ్యాపకుడు,
గుంటూరు