ఉడకబెట్టకు, ఆగు!

ఒరేయ్ పంతులూ,

ముందు నాలుగు తిట్లు తిట్టేసుకో, తర్వాత చదువు. నీ ఉత్తరానికి జవాబు రాయాలని కూర్చున్నప్పుడల్లా ఏదో ఒకటి అడ్డం పడుతూనే ఉంది. ఇక్కడ అందరం బాగున్నాం. ఆఫీసులో సీటు మారింది, పని మారలేదు. అమ్మ మోకాలు కాస్త నయం. మీ చెల్లెలు నిన్ను అడిగానని మరీ మరీ రాయమంది. కబుర్లు అయిపోయాయి.

ఇక అసలు సంగతి. "చేపల తొట్టి కొన్నా, రాళ్లు ఏరుకొచ్చా, ఓ గంట ఉడకబెట్టి లోపల పడేస్తా" అని రాశావు చూడు, నీ బద్ధకం మీద నాకు నమ్మకం కాబట్టి ఇంకా పొయ్యి వెలిగించలేదనే ధైర్యంతో ఉన్నా. ఉడకబెట్టకురా బాబూ! రాతి పగుళ్లలో చిక్కుకున్న నీళ్లు ఆవిరై, బయటికి దారి దొరక్కపోతే రాయి పేలుతుంది. ముక్కలు మొహం మీదికొస్తాయి. గట్టి బ్రష్షుతో తోము, బకెట్లో పెట్టి వేడినీళ్లు పోస్తే చాలు. సబ్బు మాత్రం వద్దు, రాతి రంధ్రాల్లో ఇంకితే ఎంత కడిగినా వదలదు. (బకెట్ అంటే హాస్టల్ బకెట్ గుర్తొచ్చి నవ్వకు. ఇది వేరే బకెట్, చరిత్ర లేనిది.)

మేమూ తొట్టి పెడుతున్నాం మరి! నియాన్ టెట్రాలని, సున్నం తక్కువున్న మెత్తటి నీళ్లు కావలసిన బుల్లి చేపలు, అవి వేద్దామని. ఏటి ఒడ్డున రాళ్లు ఏరుతుంటే చంటిదానికి ఓ బూడిదరంగు రాయి దొరికింది. ఓ పక్క తొండంలా సాగి, వీపు మీద సన్నటి తెల్లచారలు. "ఏనుగు" అని పేరు పెట్టేసింది. ఇంటికొచ్చేదాకా ఒళ్లోంచి దించితే ఒట్టు.

ఇంటికి రాగానే వెనిగర్ పరీక్ష, రాయిలో సున్నం ఉంటే బుడగలొస్తాయి. పలుగురాయి మీద చుక్క వేశాం, కదలిక లేదు. నల్లటి గ్రానైటు ముక్క, అదీ అంతే. ఏనుగు వంతు వచ్చింది. బూడిదరంగు భాగం మీద వేస్తే ఏమీ లేదు. చంటిది చప్పట్లు కొట్టేసింది. నాకెందుకో ఆ చారల మీద అనుమానం. మీ చెల్లెలు టార్చి పట్టుకుంది, నేను సరిగ్గా తెల్లగీత మీద చుక్క వదిలా. ఒక్క క్షణం ఏమీ లేదు. తర్వాత గీత పొడుగునా సన్నటి బుడగలు, చీమలబారులా! చెవి దగ్గర పెట్టుకుంటే సన్నగా చిటపట వినపడింది కూడా. కాల్సైటురా అది, సున్నపురాయిలో ఉండే సరుకే. నీళ్లలో కాస్త ఆమ్లగుణం ఉంటే మెల్లగా కరుగుతూ నీళ్ల గట్టిదనాన్నీ (అంటే కరిగిన సున్నం లాంటి ఖనిజాలు), ఆమ్లమో క్షారమో చెప్పే కొలత పీహెచ్‌నీ పైకి తోస్తుంది. మొక్కల కోసం కార్బన్ డయాక్సైడ్ పెడితే ఇంకా తొందరగా కరుగుతుంది.

అంతటితో మానలేదు. ఒకే నీళ్లు రెండు బకెట్లలో పట్టి, ఒకదాంట్లో ఏనుగుని కూర్చోబెట్టాం. కొన్నాళ్లాగి రెండిటికీ కేహెచ్ పరీక్ష, అదే నీళ్లలో కార్బొనేట్లు ఎంతున్నాయో చూసేది, చేశా. నీలం రంగు పసుపు అయ్యేదాకా మందు చుక్కలు లెక్కపెట్టాలి, ఎన్ని ఎక్కువ పడితే కేహెచ్ అంత ఎక్కువ. రాయిలేని నీళ్లు ఊరికే పసుపైపోయాయి, ఏనుగు నీళ్లు నీలంగానే మొండికేశాయి. "పంతులు మావయ్య చెప్తే ఒప్పుకుంటా, నువ్వు చెప్తే ఒప్పుకోను" అంది చంటిది. నీ బిరుదు నీకెంత పనికొస్తోందో చూడు.

నువ్వూ చుక్క వేసి చూడు, కానీ రాయి నున్నటి భాగం మీద వేసి సంతోషపడకు. మేకుతో గీకి, రాలిన పొడి మీద వెయ్యి. డోలమైటు లాంటి సున్నం ఉన్న రాళ్లు పైకి పెద్దమనుషుల్లా ఊరుకుంటాయి, పొడి చేస్తేనే బయటపడతాయి. పాలరాయి సరేసరి. నాపరాయి చూడ్డానికి పలకరాయిలా ఉంటుంది గానీ అదీ సున్నపురాయే. ఇసుకరాయిలో కొన్ని మంచివి, కొన్నిట్లో రేణువుల్ని అతికించేది సున్నమే, పరీక్షించకుండా చెప్పలేం. బంగారంలా తళుక్కుమనేవి, పచ్చగా నీలంగా మరకలున్నవి తీసి పారెయ్. ఆ పచ్చదనం రాగిదైతే నువ్వు పెడతానన్న రొయ్యలు బతకవు. పురుగుమందులు కొట్టే పొలాల పక్కవీ, ఫ్యాక్టరీల నీళ్లు కలిసే చోటివీ అసలు ముట్టుకోకు.

పీహెచ్ పెరిగితే ఏమవుతుంది అంటావేమో. 25 డిగ్రీల నీళ్లలో పీహెచ్ 7 దగ్గర ఉంటే చేపల వ్యర్థాల నుంచి పుట్టే అమ్మోనియాలో విషరూపం నూటికి ఒక వంతు కూడా ఉండదు. అదే 8 అయితే అయిదు వంతులు దాటుతుంది. కొత్త తొట్టిలో అసలే అమ్మోనియా ఎక్కువ, ఇక...

సరే, అసలు చెప్పాలనుకున్నది ఇది! ఏనుగు తొట్టిలోకి వద్దన్నానని చంటిది ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చి అడిగిందిరా: "అయితే ఈ రాయి ఇష్టపడే చేపలే లేవా నాన్నా?" నాకు నోట మాట రాలేదు. ఉన్నాయి కదా! ఆఫ్రికాలోని మలావీ సరస్సులో ఉండే సిక్లిడ్ చేపలకి కావలసిందే గట్టినీళ్లు, పీహెచ్ 8 చుట్టుపక్కల. వాటిలో ఎంబూనాలనే రకం రాళ్ల మధ్యే పుట్టి, రాళ్ల మీది నాచే గీక్కుని తింటాయి. మన నియాన్‌కి పనికిరాని రాయి, వాటికి పెళ్లిపందిరి. లోకమంతా చేపని బట్టి రాయిని వెతుక్కుంటే మా ఇంట్లో రాయిని బట్టి చేపని వెతుకుతున్నాం. మీ చెల్లెలు నవ్వుతోంది గానీ ఆవిడ నియాన్ పార్టీ. ఓటు నీ చేతిలో ఉంది. నిష్పక్షపాతంగా వెయ్యి.

సిక్లిడ్లయితే ఓ చిక్కుంది, ఇసుక తవ్వేస్తాయి. రాళ్లు ఇసుక మీద నిలబెడితే కింద గుల్లై దొర్లి అద్దం పగులుతుంది. పది సెంటీమీటర్ల గ్రానైటు ఘనం రెండున్నర కిలోలకు పైనే తూగుతుంది, ఆలోచించు. నీ తొట్టిలోనైనా సరే, అడుగున మెత్తటి ఫోమ్ షీటు, దాని మీద రాళ్లు, ఆ తర్వాతే ఇసుక. రాళ్ల వాడి అంచుల సంగతి కూడా చెప్పాలి, గోల్డ్‌ఫిష్ పొలుసులు...

అయ్యో, చంటిది ఏనుక్కి స్నానమంటూ నా షాంపూ సీసా పట్టుకెళ్తోంది. ఉంటారా!

నీ
అదే, వాడే