చెయ్యి ఎం-సీల్‌లో ఉంది, అందుకే ఫోన్ ఎత్తలేదు

ఒరేయ్ బండోడా,

ముందు కడుపునిండా తిట్టేయ్. అయిందా? సంక్రాంతికి రాస్తానన్న ఉత్తరం ఇప్పుడు రాస్తున్నాను, అదీ పాత ఎయిర్ పిస్టల్ టార్గెట్ కార్డుల వెనక. ఇంట్లో తెల్ల కాగితాలు లేక కాదు, నువ్వు తిప్పి చూడాలని. చూశావా? నల్ల వృత్తంలో ఎడమ అంచున నా గుళ్ళ చిల్లులు, బెల్లం ముక్కకి చీమలు పట్టినట్టు ఎలా మూగాయో? ఈ ఉత్తరమంతా ఆ చీమల గురించే.

ఇంటి సంగతులు గబగబా చెప్పేస్తాను. నాన్నకి రెండో కంటి ఆపరేషన్ కూడా బాగా అయింది. ఇప్పుడు పేపర్లో పెళ్ళి ప్రకటనలు కూడా పైకి చదివి వినిపిస్తున్నాడు, భరించలేకపోతున్నాం. చెల్లి నిశ్చితార్థం శ్రావణంలో, నువ్వు రావాలి. ఆఫీసు అలాగే ఏడుస్తోంది. నీ పచ్చ చొక్కా నా దగ్గరే ఉంది, ఇవ్వను.

ఇక అసలు సంగతి. మావా, గ్రిప్ కొన్నాను!

రేంజ్‌లో ఒక సీనియర్ షూటింగ్ మానేస్తూ తన సామాను అమ్ముతుంటే దొరికింది. మన స్టెయర్ ఎల్‌పీ10 పిస్టల్‌కి సరిపోయే రింక్ కంపెనీ గ్రిప్, అదే పిడి, వాల్‌నట్ కర్ర, మీడియం సైజు. నెల జీతంలో సగం ఊడింది, అమ్మకి పావు అని చెప్పాను. చూడ్డానికి వీణ కుండలా నిగనిగలాడుతోంది. పట్టుకుంటే మాత్రం ఎవరి చెప్పులో వేసుకుని గుడి బయటికి వచ్చేసినట్టుంది. అరచేతి గుంటలో ఇంత ఖాళీ. చిటికెన వేలికి చోటే లేదు. అన్నిటికన్నా ఘోరం, ట్రిగ్గర్ వేలు కర్రకి రాసుకుంటోంది. అలా రాసుకుంటే ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ గన్ను కూడా పక్కకి నెట్టినట్టే, నీకు చెప్పాలా.

సరే, వేలి దగ్గర కర్ర అరగదీసి, గుంటలో ఎం-సీల్, అదే పైపుల లీకులకి పెట్టే ముద్ద, పెడదామనుకున్నాను. రెండు ముద్దలూ ఒకే రంగు వచ్చేదాకా పిసికి, గ్రిప్ మీద అద్ది, పైన పల్చటి పాలిథిన్ కవరు వేసి, గన్ను ఎత్తి గోడ మీది క్యాలెండర్‌కి గురిపెట్టి నిలబడ్డాను. ముద్ద గట్టిపడేదాకా వేలు కదపకూడదు కదా. సరిగ్గా అప్పుడే నువ్వు ఫోన్ చేశావు! మూడుసార్లు! అమ్మ వచ్చి చూసి, "ఏంట్రా, చెయ్యి బెణికిందా, ఆ పట్టీ ఏంటి?" అని కంగారు పడింది. ఎడం చేత్తో ఫోన్ తీద్దామంటే అది కుడి జేబులో ఉంది. అంతేరా, నేనేమీ అలగలేదు.

మర్నాడు రేంజ్‌లో మొదటి ఇరవై షాట్లు... పండగే. అన్నీ పదులు, తొమ్మిదులే. నలభై దాటాక మొదలైంది. ఎడమకి. మళ్ళీ ఎడమకి. నేనేం చేశాను? చెయ్యాల్సింది మానేసి స్క్రూడ్రైవర్ తీసి వెనక సైట్‌ని, అదే గురి చూసే గాడిని, రెండు క్లిక్కులు కుడికి తిప్పాను. మధ్యలో పడింది. మర్నాడు మళ్ళీ ఎడమకి, మళ్ళీ రెండు. వారం తిరిగేసరికి తొమ్మిది క్లిక్కులు. అదే వారంలో ఆ గాడిలోంచి కనిపించే ముందు సైట్ రేకు కూడా మార్చాను, సన్నది తీసి వెడల్పుది పెట్టాను. గాడిలో అటూ ఇటూ వెలుగు చాలక వెనక గాడి కూడా వెడల్పు చేశాను. అంటే ఏ తప్పు దేనివల్లో తెలియకుండా అన్నీ ఒకేసారి మార్చిన మహానుభావుణ్ణి నేనే. "ఒకసారికి ఒక్క స్క్రూ" అని నువ్వు నెత్తీనోరూ కొట్టుకున్నది గుర్తుంది, గుర్తుంది.

మా సందు చివర తలుపు చట్రాలు చేసే వడ్రంగి తాత ఉన్నాడు చూడు, ఆయన దగ్గరికి ఆకురాయి అడగడానికి వెళ్ళాను. గ్రిప్ ఒక్కటే విప్పి పట్టుకెళ్ళాను, గన్ను చూస్తే వీధంతా పోగవుతారని. తిప్పితిప్పి చూశాడు.

"నాగలి మేడిలా ఉందే! ఎవరి చేతికి చేశారు బాబూ?"

"జర్మనీ నుంచి వచ్చింది తాతా."

"అదే, జర్మనీలో ఎవరి చేతికి?"

నేనేం చెప్తాను! వాళ్ళ ఊళ్ళో మేడి చెక్కేటప్పుడు రైతుని పిలిచి, పట్టుకుని నాలుగడుగులు నడవమనేవాడట. తర్వాత గీత కొట్టే దారానికి పూసే ఎర్రరంగు తీసి నా అరచేతి నిండా పూసి, "పట్టు" అన్నాడు. పట్టి వదిలాక చూస్తే, వేళ్ళ మొదళ్ళ దగ్గర నేను పెట్టిన ఎం-సీల్ దిబ్బ మీద రంగు ముద్దగా అంటుకుంది. మణికట్టు వైపు అసలు లేదు. "ఇక్కడ నెడుతోంది" అని గోటితో గీత పెట్టాడు.

ఇంటికొచ్చి కళ్ళు మూసుకుని గన్ను ఎత్తి, కుదురుకున్నాక కళ్ళు తెరిచాను. ముందు సైట్ రేకు గాడిలో ఎడమ చెక్కకి ఆనుకుని ఉంది. తాత చెప్పిందే. ఆ దిబ్బ గన్ను మూతిని ఎడమకి తోస్తోంది. ఓపిక ఉన్నంతసేపూ మణికట్టు వంచి సరిచేసుకుంటున్నాను. నలభై షాట్లయ్యాక మణికట్టు దానిదారి అది చూసుకుంటోంది. లెక్క కట్టాను కూడా: రెండు సైట్ల మధ్య దాదాపు 35 సెంటీమీటర్లు, టార్గెట్ 10 మీటర్లు. రేకు గాడిలో ఒక్క మిల్లీమీటరు పక్కకి ఉంటే అక్కడ 28 మిల్లీమీటర్లు. మన రింగుకీ రింగుకీ మధ్య 8 మిల్లీమీటర్లేగా! మూడున్నర రింగులు గోవిందా. దీనికి వెనక సైట్ స్క్రూ ఏం చేస్తుంది పాపం.

అయినా సగమే అరగదీశాను. ప్రాణం ఒప్పలేదు మావా, వాల్‌నట్. ఎం-సీల్ ఒక్కటే అరిగితే సరే, ఆకురాయి జారి కర్రకి తగులుతుంటే నా ఒళ్ళు గీరుకున్నట్టు ఉంది.

మ్యాచ్ రోజు. ఎక్విప్‌మెంట్ చెకింగ్‌లో ట్రిగ్గర్‌కి 500 గ్రాముల బరువు తగిలించి చూశారు, నిలబడింది. గన్ను బరువు 1500 గ్రాముల లోపే. గన్ను కొలత చూసే పెట్టెలో పెట్టారు. ఆ 420, 200, 50 మిల్లీమీటర్ల పెట్టె. దిగలేదు. నిలువుగా దిగింది, పొడుగూ దిగింది, మందం దగ్గర ఆగిపోయింది. యాభై మిల్లీమీటర్ల పెట్టెలో నా ఎం-సీల్ దిబ్బ పెళ్ళిపందిట్లో లావుపాటి బావలా ఇరుక్కుంది. అక్కడాయన మర్యాదగానే, "సరిచేసుకుని రండి, టైముంది" అన్నాడు. చేతులు చల్లబడిపోయాయిరా. టోక్యో ఒలింపిక్స్‌లో మను భాకర్ పిస్టల్ మ్యాచ్ మధ్యలో పాడైన రోజు మనం టీవీ ముందు ఎలా కూర్చున్నామో, 600కి 575 కొట్టి 12వ స్థానంలో ఆగిపోయిందని నువ్వు ఆ పూట అన్నం కూడా తినలేదు, అదంతా కళ్ళముందు తిరిగింది. తనకీ నాకూ పోలికేంటి అనుకో, అయినా.

వరండాలో మెట్ల మీద కూర్చుని, తాత ఆకురాయితో, తర్వాత ఉప్పుకాగితంతో అరగదీశాను. ప్యాంటు నిండా బూడిద. ఒక చిన్నపిల్ల వచ్చి "అంకుల్, ఏం చెక్కుతున్నారు?" అంటే "బొమ్మ" అన్నాను. రెండోసారి పెట్టెలో సుఖంగా దిగింది.

సైటింగ్, అంటే లెక్కలోకి రాని షాట్లు, పదిహేను నిమిషాలు మొదలైంది. మొదటి షాట్ కుడికి, ఎనిమిది! రెండోది కుడికి, ఎనిమిది! ఒక్క క్షణం బుర్ర పనిచెయ్యలేదు. తర్వాత నవ్వొచ్చింది, లేన్‌లో ఒక్కణ్ణే, పిచ్చివాడిలా. దిబ్బ పోయింది, మూతి తిన్నగా వచ్చింది, కానీ నా తొమ్మిది క్లిక్కులూ అలాగే ఉన్నాయి! ఒక్కొక్కటీ వెనక్కి తిప్పాను. ఏడు తిప్పేసరికి మధ్యలో పడింది. మిగతా రెండూ ఎవరి ఖాతాలోవో ఆలోచించే టైం లేదు.

అరవై షాట్లలో చివరి ఇరవైలో కూడా మణికట్టు గోల చెయ్యలేదు. నలభై మూడో షాట్ దగ్గర మాత్రం నేను... అది ఫోన్లో చెప్తాను, రాస్తే పరువు పోతుంది.

కింద బావ హారన్ కొడుతున్నాడు, పోస్టాఫీసు మూసేస్తారట. స్కోరు 551, నవ్వకు. నీ సమోసా పందెం ఇంకా బతికే ఉంది. తాత ఆకురాయి మాత్రం తిరిగివ్వలేదు, చిటికెన వేలి దగ్గర ఇంకొంచెం

సరే, వెళ్తున్నా.

నీ,
ఎడంచేతి వాటం లేని మావ