ఫొటో వెనక పేర్లు రాయండి

సంపాదకులకు నమస్కారం.

ఒకప్పుడు కెమెరా రీలుకు మహా అయితే 36 ఫొటోలు వచ్చేవి. ఆచితూచి తీసేవాళ్లం. కడిగించాక వెనక పేర్లు, సంవత్సరం రాసిపెట్టేవాళ్లం. మా అమ్మ గుండ్రటి చేతిరాతతో ‘పెద్దక్క, చిన్నాన్న, 1974’ అని ఉన్న ఫొటో వల్లే, నేనెన్నడూ చూడని మనుషుల్ని ఇవాళ గుర్తుపట్టగలుగుతున్నాను.

ఇప్పుడు ఫోన్లో వేలకొద్దీ ఫొటోలు. తేదీ అదే రాసుకుంటుంది గానీ, పక్కన నిలబడ్డది ఎవరో రాయదు. ఫోన్లను తప్పుపట్టడం లేదు. దూరాన ఉన్న మనవల ముఖం రోజూ చూస్తున్నానంటే వాటి పుణ్యమే. అయినా ఏటా కొన్నయినా ప్రింటు వేయించండి. వెనక మెత్తటి పెన్సిల్‌తో రాయండి, పెన్ను సిరా కింది ఫొటోకు అంటుకుంటుంది. పేర్లు చెప్పగల పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే, ఈ ఆదివారమే పక్కన కూర్చోబెట్టుకుని అడగండి.

– ఒక పాఠకురాలు