వార్షిక నివేదిక: 5040తో ఒక ఏడాది

సభ్యులందరికీ నమస్కారం.

ఏడాదికి ఒక సంఖ్యను ఎంచుకుని దాని లోతుపాతులు చూడటం మన సంఘం పద్ధతి. ఈసారి వంతు 5040ది. సర్వసభ్య సమావేశంలో ఈ సంఖ్య పేరు వచ్చినప్పుడు “అందులో ఏముంది, 7 ఫ్యాక్టోరియలే కదా” అన్నవాళ్లున్నారు. నిజమే, 1 నుంచి 7 దాకా వరసగా హెచ్చవేస్తే వచ్చేది అదే. అయితే 7, 8, 9, 10 ఈ నాలుగింటినే హెచ్చవేసినా 5040 వస్తుంది. దాంతో 6 ఫ్యాక్టోరియల్‌ను 7 ఫ్యాక్టోరియల్‌తో గుణిస్తే సరిగ్గా 10 ఫ్యాక్టోరియల్ అవుతుంది. మొదటి సమావేశంలో ఈ సంగతి బోర్డు మీద చూశాక ఆ సందేహం మళ్లీ వినిపించలేదు.

తర్వాతి సమావేశాలు కారణాంకాల మీద నడిచాయి. 5040ని విడగొడితే నాలుగు 2లు, రెండు 3లు, ఒక 5, ఒక 7 వస్తాయి. ఒక కారణాంకం తయారుచేయాలంటే 2ని ఎన్నిసార్లు తీసుకోవాలో తేల్చడానికి అయిదు దారులు (అసలు తీసుకోకపోవడంతో కలిపి), 3కి మూడు, 5కి రెండు, 7కి రెండు. గుణిస్తే 60. అంతకంటే చిన్న సంఖ్య దేనికీ ఇన్ని కారణాంకాలు లేవు. దగ్గరగా వచ్చే 2520కి 48 మాత్రమే. 1 నుంచి 12 దాకా 11 ఒక్కటి తప్ప అన్నీ 5040ని శేషం లేకుండా భాగిస్తాయి.

ఈ గుణం చూసే ప్లేటో ‘లాస్’ గ్రంథంలో ఆదర్శ నగరానికి 5040 కుటుంబాలు ఉండాలన్నాడు. భూమి పంచాలన్నా, పన్ను వేయాలన్నా, సైన్యాన్ని దళాలుగా విడదీయాలన్నా తేలిగ్గా భాగించుకోవచ్చని ఆయన ఉద్దేశం. 11 లోటు కూడా ఆయన దృష్టి దాటిపోలేదు. రెండు కుటుంబాలు తీసేస్తే 11 కూడా భాగిస్తుందని రాశాడు. 5038 అంటే 11 × 458, మనవాళ్లు అక్కడికక్కడే సరిచూశారు.

తమ కంటే చిన్నవాటన్నిటినీ కారణాంకాల సంఖ్యలో మించిన ఇలాంటి సంఖ్యల మీద శ్రీనివాస రామానుజన్ 1915లో పెద్ద వ్యాసం ప్రచురించారు. 1, 2, 4, 6, 12, 24 అంటూ సాగే ఆ వరసలో 5040ది 19వ స్థానం. 1916లో కేంబ్రిడ్జి ఆయనకు డిగ్రీ ఇచ్చింది ఈ పరిశోధనకే. లండన్ మ్యాథమెటికల్ సొసైటీ అప్పట్లో డబ్బుకు ఇబ్బంది పడుతుండటంతో వ్యాసంలో కొంత భాగం అచ్చు కాకుండా ఆగిపోయింది. అది వెలుగు చూసింది 1997లో, జాన్ లూయీ నికోలా, గై రోబాన్‌ల వ్యాఖ్యానంతో.

ఆ రోబాన్ గురించి కాస్త ఎక్కువగా చెప్పాలి, ఎందుకంటే ఈ ఏడాది మన పనిలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచింది ఆయన సిద్ధాంతం చుట్టూ జరిగినదే. ఒక సంఖ్య కారణాంకాలన్నీ కూడితే మొత్తం ఎంత పెద్దది కాగలదు? దానికి ఒక హద్దు ఇలా వేస్తారు: సంఖ్యకు సహజ సంవర్గమానం (కాలిక్యులేటర్ మీద ln) తీయాలి, వచ్చినదానికి మళ్లీ సంవర్గమానం తీయాలి, దాన్ని 1.78107తోనూ ఆ సంఖ్యతోనూ గుణించాలి. ఆ 1.78107 గాలిలోంచి ఊడిపడలేదు, ఆయిలర్ స్థిరాంకం నుంచి వచ్చింది. దీర్ఘకాలంలో అంతకంటే చిన్న గుణకం చాలదని గ్రాన్‌వాల్ 1913లోనే చూపించాడు.

ఇప్పుడు 5040ని పరీక్షిద్దాం. కారణాంకాల మొత్తం 31 × 13 × 6 × 8, అంటే 19344. హద్దు సుమారు 19237. హద్దు దాటేసింది! దాని రెట్టింపు 10080ని తీసుకుంటే మొత్తం 39312, హద్దు 39877 పైచిలుకు. లోపలే ఉంది. 55440 కూడా లోపలే. 2 నుంచి మొదలుపెట్టి చూస్తే ఇంతవరకు హద్దు దాటినవి 27 సంఖ్యలే, వాటిలో ఆఖరుది 5040. 1984లో రోబాన్ నిరూపించింది ఇదీ: 5040 తర్వాత ఏ సంఖ్యా హద్దు దాటకపోతే రీమన్ పరికల్పన (ప్రధాన సంఖ్యలు ఎలా పరుచుకుని ఉంటాయన్నదానికి సంబంధించిన, ఇంకా నిరూపణ కాని ఊహ) నిజం, ఒక్కటి దాటినా అబద్ధం. 1859 నుంచి గణితజ్ఞులకు కొరుకుడు పడని ప్రశ్న, హైస్కూలు పిల్లలకు తెలిసిన కూడికల దగ్గరికి వచ్చి నిలబడింది. పరికల్పన నిజమైతే చాలినంత పెద్ద సంఖ్యలన్నీ హద్దు లోపలే ఉంటాయన్న ఫలితం రామానుజన్ అచ్చుకాని భాగంలో ముందే ఉంది.

విద్యార్థుల శిబిరంలో ఈ లెక్కలన్నీ పిల్లలే చేశారు. సంవర్గమానాలకు మాత్రం కాలిక్యులేటర్ వాడనిచ్చాం. 720 దగ్గర బాగా టెన్షన్ పడ్డారు, ఎందుకంటే అక్కడ మొత్తాన్ని సంఖ్యతో భాగిస్తే 3.358, హద్దునూ అలాగే భాగిస్తే 3.355. మూడో దశాంశ స్థానంలో గానీ తేలలేదు.

మరో సమావేశం సంగీతానికి కేటాయించాం. ఏడు స్వరాలను ఒక్కోటి ఒక్కసారే వచ్చేలా పేర్చే విధాలు 5040. 13వ శతాబ్దంలో శార్ఙ్గదేవుడు ‘సంగీతరత్నాకరం’లో వీటికి ప్రస్తార క్రమం (పేర్పులన్నిటినీ ఒక నియమం ప్రకారం వరసగా రాసే పద్ధతి) చెప్పి, ఫలానా వరస సంఖ్యలో ఏ పేర్పు ఉంటుందో కనుక్కోవడాన్ని నష్టం అని, పేర్పు ఇస్తే దాని వరస సంఖ్య చెప్పడాన్ని ఉద్దిష్టం అని అన్నాడు. మొదటి 720 పేర్పులు నితో ముగుస్తాయి, తర్వాతి 720 ధతో, అలా చివరికి సతో. మేము 1000వ పేర్పు అడిగాం. 1000లోంచి 720 పోతే 280, కాబట్టి చివరి స్వరం ధ. మిగిలిన ఆరింటిలో గుంపుకు 120 చొప్పున 280 మూడో గుంపులో పడుతుంది, ని, ప దాటి మ దగ్గర. ఆపై గుంపుకు 24, 6, 2 చొప్పున దిగుతూ పోతే ని స గ రి ప మ ధ వచ్చింది. 5040 పేర్పుల పట్టిక రాయకుండానే దొరికింది కదా! దాన్ని ఒక సభ్యురాలు అక్కడే పాడి వినిపించారు.

5040కి 1 కలిపితే 5041, అది 71 వర్గం. ఫ్యాక్టోరియల్‌కు 1 కలిపితే వర్గం అయ్యేవి 4, 5, 7 దగ్గర తప్ప ఇంకా ఉన్నాయా అని 1876లో బ్రోకార్డ్ అడిగాడు, 1913లో రామానుజన్ విడిగా అడిగారు. నాలుగోది ఇప్పటికీ దొరకలేదు, లేదని నిరూపణా లేదు. దీని మీద అనుకున్న ఉపన్యాసానికి వ్యవధి చాలలేదు, వచ్చే ఏడాది మొదటి సమావేశంలో పెడతాం.

జమాఖర్చుల పత్రాన్ని కోశాధికారి గారు విడిగా పంపుతున్నారు. వచ్చే ఏడాది సంఖ్యకు ప్రతిపాదనలు రాతపూర్వకంగా పంపండి. 6174, 8128 ఇప్పటికే వచ్చాయి. ప్రతిపాదించేవారు ఆ సంఖ్యకున్న గుణాల్లో కనీసం ఒకదాన్ని చేత్తో నిరూపించి జతచేయాలని కార్యవర్గం తీర్మానించింది.

కార్యదర్శి