లింకుల మీద బతికే మన సంఘం: 2020–21 వార్షిక నివేదిక

సభ్యులందరికీ ప్లవ నామ (2021) ఉగాది శుభాకాంక్షలు. ఆన్‌లైన్ షాపుల సరుకుల లింకులు మన వీడియోల్లో, రాతల్లో పెట్టి, వాటితో ఎవరైనా కొంటే వచ్చే కమీషన్ మీద బతికేవాళ్ళం మనం. పోయిన ఉగాది మార్చి 25న వచ్చింది, దేశమంతా లాక్‌డౌన్ మొదలైంది కూడా ఆ రోజే. గుమ్మం దాటి వేపపువ్వు కోసుకురావడానికి భయపడి మా ఇంట్లో చేదు లేని పచ్చడి తిన్నాం, ఆ బాకీ ఏడాది పొడుగునా వడ్డీతో సహా తీరింది. మామూలుగా అయితే ఎన్ని సమావేశాలు జరిగాయో, టీ బిస్కెట్లకు ఎంతయిందో రాసి సంతకం పెట్టేసేవాణ్ణి. అదీ చెప్తాను: సమావేశాలు పదకొండు, తొమ్మిది జూమ్‌లోనే, టీ ఖర్చు దాదాపు సున్నా. ఇక అసలు సంగతి.

ఏప్రిల్–జూన్ మూడు నెలల్లో దేశ జీడీపీ అంతకుముందు ఏడాది కంటే 24 శాతం దాకా పడిపోయిందని ఆగస్టు చివర్లో లెక్క బయటికొచ్చింది. మనకు ఆ కబురు ఏప్రిల్ మొదటి వారంలోనే డాష్‌బోర్డ్, అంటే మన క్లిక్కులూ ఆర్డర్లూ కనిపించే పేజీ, చెప్పేసింది. విచిత్రం ఏంటంటే క్లిక్కులు తగ్గలేదు, పెరిగాయి కూడా. ఇంట్లో కూర్చున్న జనం వీడియోలు చూశారు, లింకులు నొక్కారు, కానీ నిత్యావసరాలు తప్ప ఏదీ డెలివరీ చేయకూడదు కాబట్టి ఆర్డర్ల దగ్గర సున్నాలే కనిపించాయి. మే 4 నుంచి కరోనా తీవ్రత తక్కువున్న గ్రీన్, ఆరెంజ్ జోన్లకు మిగతా సరుకులూ పంపొచ్చన్నారు, కృష్ణా జిల్లా రెడ్ జోన్ కాబట్టి మన విజయవాడలో 18వ తేదీ దాకా ఆగాల్సి వచ్చింది.

అమెరికా పాఠకుల కోసం రాసే ముగ్గురికి ఇంకో దెబ్బ. అక్కడ అమెజాన్ ఏప్రిల్ 21 నుంచి కమీషన్ రేట్లు మార్చింది: ఫర్నిచర్, ఇంటి సామాన్ల మీద 8 శాతం ఉన్నది 3 అయింది, కిరాణా మీద 5 ఉన్నది 1 అయింది. వంద డాలర్ల బల్లకు ఎనిమిది డాలర్లు వచ్చేచోట మూడే, అదే రాత, అదే పాఠకులు, అదే బల్ల. రేటు ఎంత ఉండాలో వాళ్ళిష్టం, ఒప్పందంలో ఆ మాట మొదటినుంచీ ఉంది, మనమే చదవకుండా టిక్ పెట్టాం. నేనూ పెట్టాను. ఆదాయమంతా ఒకే చోటినుంచి తెచ్చుకోవడం మన తప్పు, దాన్ని మాంద్యం మీదకు తోసెయ్యడం నాకిష్టం లేదు.

తట్టుకున్నవాళ్ళూ ఉన్నారు. గుడివాడ నుంచి వంటింటి సామాన్ల వీడియోలు చేసే అక్క సంగతి చెప్పాలి. కొత్త మిక్సీలు, కొత్త కుక్కర్లు ఎవరూ కొనడం లేదని గమనించి ఆవిడ పాత కుక్కర్ ముందు పెట్టుకుని కూర్చున్నారు. గాస్కెట్ సాగిపోయిందో లేదో వేలితో నొక్కి చూపించారు, సరైన సైజు ఎలా ఎంచుకోవాలో చెప్పారు, మిక్సీ జారులో కల్లుప్పు వేసి తిప్పారు. ఒక్కో గాస్కెట్ మీద ఆవిడకు మిగిలేది పది, పన్నెండు రూపాయలు. కానీ చేతిలో డబ్బు లేని జనం కొనేది అదే, అందుకే ఆర్డర్లు ఆగలేదు. పైగా నాలుగేళ్ళుగా చూస్తున్నవాళ్ళతో సొంత వాట్సాప్ గ్రూపులు పెట్టుకున్నారు కాబట్టి ఏ యాప్ ఉన్నా, పోయినా ఆవిడకు పట్టలేదు. జూన్ చివర్లో టిక్‌టాక్ నిషేధించినప్పుడు మనవాళ్ళలో ఇద్దరి ఫాలోయర్లు రాత్రికి రాత్రి గాల్లో కలిసిపోయారు మరి.

ఇప్పుడు ఇబ్బంది పెట్టే విషయం. కమీషన్లు ఎండిపోయిన ఆ నెలల్లో మంచి రేటు ఇస్తామని వెంటపడినవి ఇన్‌స్టంట్ లోన్ యాప్‌లు. ఒక్క ఇన్‌స్టాల్‌కి ఇస్తామన్న డబ్బు చూస్తే మిక్సీలు అమ్మాలనిపించదు. జనానికి ఉద్యోగాలు పోతున్నాయి కాబట్టి ఆ లింకులు నొక్కేవాళ్ళకీ కొదవలేదు. మనలో కొందరు పెట్టారు. నవంబరు సమావేశంలో ఒక తమ్ముడు తన ఫోన్ కెమెరా దగ్గరగా పట్టుకుని, తన లింకుతో అప్పు తీసుకున్న ఒక ప్రేక్షకుడు పంపిన స్క్రీన్‌షాట్ చూపించాడు: వారం రోజుల అప్పు, ఫీజు పేరుతో ముందే కోత, గడువు దాటగానే ఆయన కాంటాక్టుల్లో ఉన్న మేనమామకీ ఆఫీసువాళ్ళకీ 'వీడు దొంగ' అని మెసేజ్‌లు. జూమ్‌లో అందరం మ్యూట్‌లో ఉన్నట్టే కూర్చున్నాం. డిసెంబరుకల్లా హైదరాబాద్, సైబరాబాద్ పోలీసుల అరెస్టులు, ఆత్మహత్యల వార్తలు, 23న రిజర్వ్ బ్యాంక్ హెచ్చరిక అన్నీ వచ్చాయి. మనం అంతకుముందే, అదే సమావేశంలో, లోన్ యాప్ లింకు పెట్టిన సభ్యుడి సభ్యత్వం రద్దు అని తీర్మానించాం. ఇద్దరు వ్యతిరేకించారు, ఒకరు వెళ్ళిపోయారు. ఆయన మీద నాకు కోపం లేదు, ఇంటి అద్దె ఆయనకీ కట్టాలి. తీర్మానం మాత్రం మారదు.

పన్ను లెక్క క్లుప్తంగా: కమీషన్ మీద ఆదాయపు పన్ను చట్టం 194 హెచ్ కింద, మనకు డబ్బు ఇచ్చేముందే పట్టుకునే పన్ను (టీడీఎస్) 5 శాతం ఉన్నది, 2020 మే 14 నుంచి 2021 మార్చి 31 దాకా 3.75గా ఉంది, 2021 ఏప్రిల్ నుంచి మళ్ళీ 5 అయింది. పాన్ ఇవ్వకపోతే 20 శాతం పోతుంది. అయినా నలుగురు ఇంకా పాన్ అప్‌లోడ్ చేయలేదు, పేర్లు చెప్పను, వాళ్ళకే తెలుసు. మన పేరు మీద ఎంత పన్ను పట్టుకున్నారో చూపించే ఫారం 26ఏఎస్ అందరూ ఒకసారి తెరిచి చూసుకోండి.

ఒక నెట్‌వర్క్ (షాపులకూ మనకూ మధ్య ఉండి లింకులు, కమీషన్లు చూసే కంపెనీ) దగ్గర మన ఆరుగురి డబ్బు జులై నుంచి ఇరుక్కుంది. ఆర్డర్లు 'పరిశీలనలో ఉన్నాయి' అంటారు, ఫోన్ ఎత్తరు. నాలుగు లేఖలు రాశాం, ఒకదానికి జవాబొచ్చింది, అదీ మెషిన్ పంపిన జవాబే. వచ్చే ఏడాదికి కొత్త నెట్‌వర్క్‌లో చేరేముందు పాత సభ్యుల్లో ఇద్దరిని అడిగి చేరండి, మొదటి చెల్లింపు చేతికొచ్చేదాకా ఎక్కువ పని పెట్టకండి.

ప్రకటన అయితే ప్రకటన అని స్పష్టంగా రాయాలంటూ ప్రకటనల ప్రమాణాల మండలి 2021 ఫిబ్రవరిలో ముసాయిదా ఇచ్చింది. అది ఖరారయ్యేదాకా ఆగక్కర్లేదు, 'ఈ లింకుతో కొంటే నాకు కమీషన్ వస్తుంది' అని తెలుగులో ఒక్క ముక్క ఇప్పట్నుంచే పెట్టేయండి. గుడివాడ అక్క మొదటినుంచీ పెడుతున్నారు, ఆవిడ ఆర్డర్లు దానివల్ల తగ్గలేదు.

సభ్యత్వ రుసుము ఈ ఏడాదీ 300 రూపాయలే, ఇబ్బందుల్లో ఉన్నవాళ్ళు ఇవ్వకపోయినా పర్లేదు, నాకు విడిగా ఒక మాట చెప్పండి చాలు. కరోనా కేసులు మళ్ళీ పెరుగుతున్నాయి కాబట్టి మే సమావేశం కూడా జూమ్‌లోనే. కోశాధికారి పదవి జనవరి నుంచి ఖాళీ, లెక్కలన్నీ నా ఎక్సెల్ షీట్‌లోనే ఉన్నాయి, అందులో 140 రూపాయలు ఎక్కడ తేడా వస్తోందో నాకు ఇప్పటికీ దొరకలేదు. ఓపిక ఉన్నవాళ్ళు ముందుకు రండి.

మీ కార్యదర్శి, విజయవాడ