ధ్రువపత్రం వచ్చేదాకా చదువు ఆగాలా?

సంపాదకులకు నమస్కారం.

బెంగళూరులోని తెలుగు ఇళ్లలో చిన్న తరగతుల పిల్లల మార్కులు తగ్గినప్పుడల్లా వినిపించే మాట ఒకటుంది: ‘ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లీషు, పైన కన్నడ, హిందీ; రెండేళ్లు పోతే వాడే సర్దుకుంటాడు.’ చాలామంది విషయంలో ఇది నిజమే. అయితే డిస్‌లెక్సియా వంటి అభ్యసన వైకల్యం వల్ల అక్షరాలు పట్టుబడని పిల్లలు కూడా ఈ మాట చాటునే నాలుగో తరగతి దాకా నెట్టుకొస్తున్నారు.

మా అపార్టుమెంటులో ఆదివారాలు తెలుగు నేర్చుకునే ఒక బాబు రెండో తరగతి చదువుతున్నాడు. తెనాలి రామకృష్ణుడి పిల్లి కథను పొల్లుపోకుండా, గొంతు మార్చి మరీ చెబుతాడు. అదే కథ పుస్తకంలో చూపిస్తే ‘కలము’ను ‘కమలము’ అని ఊహించి చదువుతాడు, ఎన్నిసార్లు దిద్దించినా ‘అమ్మ’కు ఒత్తు వదిలేస్తాడు, మాటలో మొదటి అక్షరం తీసేసి మిగిలింది పలకమంటే తెల్లమొహం వేస్తాడు. పుట్టినప్పటి నుంచి మాట్లాడుతున్న భాషలోనే ఇంత తడబాటు ఉంటే తప్పును ఇంగ్లీషు మీదికి నెట్టలేం. అది ఫలానా లోపమని తేల్చడం నా పని కాదు గానీ, తెలిసినవారికి చూపించమని చెప్పడానికి ఈ మాత్రం చాలు.

ఆ తల్లిదండ్రులు బడిలో అడిగితే, ముందు అభ్యసన వైకల్యం ఉన్నట్టు ధ్రువపత్రం తెమ్మని, ఆపైన సొంత ఖర్చుతో షాడో టీచరును, అంటే తరగతిలో పిల్లవాడి పక్కనే ఉండి సాయపడే మనిషిని, పెట్టుకోమని చెప్పారట. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 16వ సెక్షన్ చెప్పేది వేరు. ప్రభుత్వ గుర్తింపు పొందిన విద్యాసంస్థల్లో ఇలాంటి పిల్లలను వీలైనంత త్వరగా గుర్తించి, తగిన బోధనా పద్ధతులు అనుసరించాలని అది నిర్దేశిస్తోంది. బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ వంటి చోట నిపుణులకు చూపించడం అవసరమే. రాయితీలకు ధ్రువపత్రమూ కావాలి. కానీ నివేదిక చేతికి వచ్చేలోగా బోర్డు మీది పాఠాన్ని ఎక్కించుకొమ్మని వేధించకుండా ముద్రించిన కాగితం ఇవ్వడానికీ, ప్రశ్న చదివి వినిపించి జవాబు నోటితో చెప్పించుకోవడానికీ, అందరి ముందూ నిలబెట్టి చదివించకుండా ఉండడానికీ ఎవరి సంతకం కావాలి? సీబీఎస్‌ఈ పదో తరగతి పరీక్షలో అర్హులైన పిల్లలకు గంటకు 20 నిమిషాల అదనపు సమయం ఇస్తుంది. చదువు మీద భయం పట్టుకునేది మాత్రం అంతకు ఎన్నో ఏళ్ల ముందు, ఒకటి రెండు తరగతుల్లోనే.

మనవాళ్ల వైపు నుంచీ ఒక అడ్డంకి ఉంది. ‘వైకల్యం’ అన్న మాట రికార్డుకెక్కితే పిల్లవాడి భవిష్యత్తు ఏమవుతుందోనని, బడి అడిగినా పరీక్ష చేయించని ఇళ్లు నాకు తెలుసు. అలాంటి ఇళ్లు ట్యూషన్లకు పెట్టే ఖర్చులో కొంత స్పెషల్ ఎడ్యుకేటరుకు, అంటే ఇలాంటి పిల్లలకు బోధించే ప్రత్యేక ఉపాధ్యాయులకు, పెడితే మేలు.

ప్రాథమిక స్థాయిలో ఇటువంటి పిల్లలు పది మందికి ఒక ప్రత్యేక ఉపాధ్యాయుడు ఉండాలని సుప్రీంకోర్టు 2021లో చెప్పింది. ప్రైవేటు బడుల గుర్తింపును పునరుద్ధరించేటప్పుడు, ఆ ఉపాధ్యాయులు నిజంగా తరగతుల్లో ఉన్నారా, కాగితం మీదే ఉన్నారా అన్నది కర్ణాటక విద్యాశాఖ తనిఖీ చేయాలి. పిల్లలను పరీక్షించేవారు ఇంగ్లీషుతో సరిపెట్టకుండా ఇంటి భాషలోనూ మాట్లాడించి, చదివించి చూడాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
మారతహళ్లి, బెంగళూరు