రవికి నేవీ ప్రాస కాదు

సంపాదకులకు నమస్కారం.

మీ జిల్లా పేజీలో ఆదివారాలు పిల్లల పుట్టినరోజు ఫొటోల కింద రెండేసి పంక్తుల ఇంగ్లీషు పద్యాలు వేస్తున్నారు. మొదటి పంక్తి చివర పిల్లవాడి పేరు, రెండో పంక్తి చివర దానికి కలిసే ఇంగ్లీషు మాట. సరదాగానే ఉంది. నెల్లూరు, కావలి, ఒంగోలు ఫ్లెక్సీ షాపుల్లోనూ, స్కూళ్ల వార్షికోత్సవ కార్డుల్లోనూ ఇదే వరస కనబడుతోంది. చిక్కల్లా ఆ కలిసే మాట దగ్గరే. రవికి నేవీ, కిరణ్‌కి సైరన్, గోపాల్‌కి ఫుట్‌బాల్. కాగితం మీద చూస్తే కలిసినట్టే ఉంటాయి. పైకి చదివితే పంటికింద రాయి తగులుతుంది.

మన చెవికి అలవాటైన ప్రాస వేరు. కందంలోగానీ ఉత్పలమాలలోగానీ ప్రతి పాదంలో రెండో అక్షరం ఒకే హల్లు కావాలి, దాని గుణింతం ఏదైనా పట్టింపు లేదు. తిక్కన తిరిగిన ఊళ్లో ఇది ఒకరికి చెప్పాల్సిన పని లేదు. ఇంగ్లీషు రైము దీనికి తలకిందులు. అది పాదం చివర వస్తుంది. అచ్చు కలవాలి, ఆ అచ్చు తర్వాత ఉన్నదంతా కలవాలి, అచ్చుకు ముందున్న హల్లు మాత్రం మారి తీరాలి. మనకు హల్లు ముఖ్యం, వాళ్లకు అచ్చు ముఖ్యం. అన్నదమ్ములకు నవీన్, ప్రవీణ్ అని పేర్లు పెట్టుకుని మురిసిపోతాం గదా, ఇంగ్లీషు లెక్కలో ఆ రెండూ రైము కావు. రెండిట్లోనూ అదే ‘వీన్’ తిరిగొచ్చింది, కొత్త హల్లు రాలేదు. నవీన్‌కి గ్రీన్ రైము, సీన్ రైము, క్వీన్ రైము.

పని మొదలుపెట్టే తీరు చెబుతాం. పేరును ఇంట్లో పిలిచినట్టు పైకి పలికి, తెలుగులో గుణింతం తప్పకుండా రాయండి. ఇంగ్లీషు స్పెల్లింగ్ జోలికి ఇంకా పోవద్దు. తర్వాత ఊనిక ఎక్కడ పడుతుందో చూడండి. ఇంగ్లీషులో ఒకటికి మించి అక్షరాలున్న ప్రతి మాటలో ఏదో ఒకచోట నొక్కి పలుకుతారు, రైము అక్కణ్ణుంచే మొదలవుతుంది. రెండక్షరాల తెలుగు పేర్లకు పనికొచ్చే మోటు లెక్క ఒకటుంది: పేరులో చివరి దీర్ఘం ఎక్కడుంటే ఊనిక అక్కడ. న-వీన్, కు-మార్, సు-నీల్: చివర. సీత, దీప, రూప: మొదట. దీర్ఘమే లేకుండా అచ్చుతో ముగిసే రవి, హరి, మణి, లత లాంటి పేర్లకు మొదటి అక్షరం మీద. ఆ అచ్చు దగ్గర పేరును కత్తిరిస్తే మిగిలేది తోక. నవీన్ తోక ‘ఈన్’. సీత తోక ‘ఈత’, రెండక్షరాలు. కాబట్టి సీతకు రెండూ కలవాలి: చీటా, రీటా, ఫహీటా. బనానాలో చివరి ‘ఆ’ ఒక్కటి కలిసిందని సరిపెట్టుకుంటే కుదరదు.

తోక దొరికాక దాని ముందు హల్లులు ఒక్కొక్కటే తగిలించి చూడాలి. ‘ఈన్’ తీసుకోండి. బీన్, డీన్, జీన్, కీన్, లీన్, మీన్, సీన్, టీన్. ఇవయ్యాక జంట హల్లులు: క్లీన్, గ్రీన్, క్వీన్, స్క్రీన్, ప్రీన్. ఆ తర్వాత చివర ఊనిక పడే పెద్ద మాటలు: మెషీన్, రొటీన్, క్యాంటీన్, ఫిఫ్టీన్, సబ్‌మెరీన్. చాలామంది మొదటి వరసతోనే ఆగిపోతారు. మంచి మాటలు జంట హల్లుల్లోనే ఎక్కువ దాక్కుని ఉంటాయి: బ్ల, బ్ర, క్ల, క్ర, డ్ర, ఫ్ల, ఫ్ర, గ్ల, గ్ర, ప్ల, ప్ర, స్క, స్ప, స్ట, స్ట్ర, స్వ, ట్ర, థ్ర. పదిహేను మాటలు పోగుచేస్తే పుట్టినరోజు పద్యానికి పనికొచ్చేవి మూడో నాలుగో తేలతాయి, అవి చాలు. ‘హ్యాపీ బర్త్‌డే, డియర్ నవీన్, ద బ్రైటెస్ట్ స్మైల్ వీవ్ ఎవర్ సీన్’: పంక్తికి నాలుగు దెబ్బలు, చివరి దెబ్బ రైము మీద. చప్పట్లు కొడుతూ చదివితే ఎక్కడ తప్పిందీ తెలిసిపోతుంది.

తెలుగులో రాయమని ఎందుకు అంటున్నామంటే, ఇంగ్లీషు స్పెల్లింగ్ మన పేర్లలో హ్రస్వదీర్ఘాలను మింగేస్తుంది. అనిల్, సునీల్ రెండూ అటు రాస్తే చివరి మూడక్షరాలు ఒకటే. పలికితే ఒకటి ‘ఇల్’, ఒకటి ‘ఈల్’. అనిల్‌కి హిల్, స్కిల్, థ్రిల్. సునీల్‌కి వీల్, స్టీల్, ఫీల్. ఇద్దరి ఫొటోల కిందా హిల్ వేస్తే ఒక ఇంట్లో నవ్వుకుంటారు. వసంత్, శ్రీకాంత్ కూడా ఇంతే. వసంత్‌కి ఫ్రంట్, హంట్, స్టంట్. శ్రీకాంత్‌కి బ్రిటిష్ పలుకుబడిలో ప్లాంట్, గ్రాంట్, ఆంట్. అమెరికాలో ఈ ప్లాంటూ గ్రాంటూ ‘ప్ల్యాంట్, గ్ర్యాంట్’ అయిపోతాయి, శ్రీకాంత్‌కి కలవవు. ఇక రమ, రామ ఇద్దరికీ ఇంగ్లీషులో ఒకే స్పెల్లింగ్. డ్రామా, పజామా రాముడివి. రమకు అవి చెల్లవు.

రవి సంగతి ఇక్కడే తేలుస్తాం. నేవీ, గ్రేవీ, వేవీల్లో అచ్చు ‘ఏ’. స్పెల్లింగ్‌లో కనిపించేది ఒకే అక్షరం కాబట్టి కన్ను మోసపోతుంది. రవిలో ఉన్నది హ్రస్వం, దానికి ఇంగ్లీషులో నిఖార్సైన రైము లవీ-డవీ. ఆరేళ్ల పిల్లవాడికి ఆ మాట వేయలేం గనక రవిని పంక్తి చివర పెట్టకపోవడమే తెలివి. అమెరికాలో పుట్టిన బంధువులు అదే స్పెల్లింగ్ చూసి ‘రావీ’ అని చదువుతారు. అప్పుడు రైము కిత్తలి మొక్క, అగావీ.

తెలుగు లిపి కూడా అన్నిచోట్లా ఆదుకోదు. ఇంగ్లీషులో ఉండి మనకు అక్షరం లేని అచ్చులున్నాయి. బాల్, కాల్, హాల్, వాల్ అని రాసుకుంటాం గానీ వాళ్లు పలికేది మన ‘ఆ’ కాదు. ‘ఆ’కూ ‘ఓ’కూ మధ్య నోరు గుండ్రంగా తిప్పి పలికే అచ్చు అది. అందుకే గోపాల్‌కి ఫుట్‌బాల్ మన చెవికి కలిసినా ఇంగ్లీషు చెవికి కలవదు. డాట్ కామ్‌లోని కామ్, ప్రశాంతం అనే అర్థమున్న కామ్ మన రాతలో కవలలు. బ్రిటిష్ పలుకులో రామ్‌కి రెండోదే రైము, దాంతోపాటు పామ్, బామ్. వీటి స్పెల్లింగ్‌లో ల ఉన్నా పలకరు. ఇంకోటి, ఫన్నీ, సన్నీ, హర్రీ అని మనం ఒత్తి రాస్తాం గానీ ఇంగ్లీషు పలుకులో ఒత్తు లేదు, ఒక్క హల్లే. కాబట్టి మణికి ఫన్నీ, సన్నీ, హనీ అన్నీ పనికొస్తాయి. హరికి బ్రిటిష్ పద్ధతిలో కర్రీ, వర్రీ.

త, ట గొడవ వేరు. ఇంగ్లీషు ‘టీ’ మన ‘త’ కాదు, దాదాపు ‘ట’. స్వాతికి బ్రిటిష్ పలుకులో పార్టీ రైమే, వాళ్లు ఆ ర్ పలకరు కాబట్టి ‘పాటీ’. వాళ్ల చెవికి స్వాతి, పాటీ కవలలు. మన చెవికి త, ట తేడా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. పైగా మనం త కోసం స్పెల్లింగ్‌లో హెచ్ చేర్చే అలవాటుంది. అది చూసిన బయటివాళ్లు స్వాతిని ‘స్వాథి’ అని చదువుతారు, చేతిలో ఉన్న పార్టీ కూడా చేజారుతుంది.

అందుకని పద్యం ఎవరి చెవికోసమో ముందే తేల్చుకోవాలి. బ్రిటిష్‌వాళ్లు అచ్చు రాని చోట ర్ వదిలేస్తారు. వాళ్ల నోట రూప, సూపర్ రైము. దీప, కీపర్ రైము. లత, బటర్ కూడా. మన స్కూళ్లలో చెప్పేది బ్రిటిష్ ఇంగ్లీషే అంటారు గానీ సూపర్‌లో ర్‌ని మనమంత గట్టిగా పలికేవాళ్లు అరుదు. స్టేజీ మీద అయిదో తరగతి పిల్ల ‘సూపర్ర్’ అని అరిచాక రూపకు రైము ఎక్కడిది? లండన్, డల్లాస్, మన నెల్లూరు దర్గామిట్ట మూడుచోట్లా నిలబడే రైములు వేస్తే గొడవుండదు: సాయికి స్కై, నవీన్‌కి గ్రీన్, అనిల్‌కి హిల్, సునీల్‌కి వీల్, కుమార్‌కి స్టార్. స్టార్‌లో ర్ పలికేవాళ్లు కుమార్‌లోనూ పలుకుతారు, మింగేవాళ్లు రెండిట్లోనూ మింగుతారు.

మన ప్రాంతపు పేర్లను షాపులవాళ్లు కష్టమని పక్కన పెట్టేస్తున్నారు. అక్కర్లేదు. పెంచలయ్య, మాలకొండయ్య, రమణయ్యల తోక ‘అయ్య’. బొప్పాయిని ఇంగ్లీషువాడు దాదాపు ‘పపయ్య’ అనే అంటాడు. ఇంతకన్నా దగ్గరి రైము నవీన్‌కి కూడా లేదు. బ్రిటిష్ పలుకులో ఫైర్, హయ్యర్, వైర్ కూడా ఈ గుంపులోకే వస్తాయి. పెంచలమ్మ, మస్తానమ్మ, వెంగమ్మలకు సమ్మర్, డ్రమ్మర్, ప్లంబర్ ఉన్నాయి. ప్లంబర్‌లో బ పలకరు, అది ‘ప్లమ’. ఇవీ బ్రిటిష్ చెవికే. శ్రీరాములు, రంగనాయకుల ‘ఉలు’కు మాత్రం జులూ, హొనలూలూ తప్ప ఏమీ తట్టవు. వాటిలోనూ ‘లూ’కి ముందు దీర్ఘం ఉంది కాబట్టి సరిగ్గా అతకవు.

లక్ష్మి, పద్మ, కృష్ణ, విష్ణు, దివ్య, మాల్యాద్రి లాంటి పేర్లకు రైము వెతకడం దండగ. అలాంటి హల్లుల గుంపులతో ముగిసే మాటలు ఇంగ్లీషులో లేవు. ఆ మాటకొస్తే ఇంగ్లీషులో సొంత మాటలకే దిక్కులేదు, మంత్‌కీ సిల్వర్‌కీ వాడుకలో రైము దొరకదు. ఇలాంటప్పుడు పేరును పంక్తి మొదటికి జరపండి. ‘లక్ష్మి, లక్ష్మి, టర్న్ ద కీ, ఓపెన్ ద డోర్ అండ్ సింగ్ విత్ మీ.’ పేరు రెండుసార్లు వినబడింది, రైము భారం కీ, మీల మీద పడింది. ఇంటి పిలుపు వాడుకోవడం ఇంకో దారి: చిన్నికి స్కిన్నీ, విన్నీ; బన్నీకి సన్నీ. శ్రావణి, మాధవి, భార్గవి లాంటి మూడక్షరాల పేర్లకు మరో వెసులుబాటుంది. ఊనిక మొదటి అక్షరం మీదున్నా, తాళంలో మూడో అక్షరం మీద చిన్న దెబ్బ పడుతుంది. ఆ దెబ్బను ఆసరా చేసుకుని ట్రీ, ఫ్రీ, సీ కలపొచ్చు. మాంగో ట్రీకి మాధవి చక్కగా నిలుస్తుంది. రవికి, హరికి ఈ చిట్కా పనిచేయదు, వాటి రెండో అక్షరం మీద దెబ్బ పడదు.

ఫోన్‌లో రైములు వెతికే సైట్లలో నేరుగా పెంచలయ్య అని కొట్టి ఏమీ రాలేదని వాపోవద్దు. ఆ సైట్లు చాలావరకు ఉచ్చారణ పట్టికల మీద నడుస్తాయి. అందులో పేరున్నది కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం తయారుచేసినది, 1,34,000 పైచిలుకు మాటలున్నా అన్నీ అమెరికా పలుకుబడివే. మన పేర్లు అందులో ఉంటే వాళ్లు పలికినట్టు ఉంటాయి, లేకపోతే యంత్రం స్పెల్లింగ్ చూసి ఊహిస్తుంది. పేరు బదులు అదే తోకున్న మామూలు ఇంగ్లీషు మాట కొట్టండి: సునీల్ కోసం వీల్, పెంచలయ్య కోసం పపాయా. పాత రైము నిఘంటువులతోనూ జాగ్రత్త. 1775లో జాన్ వాకర్ కూర్చినది మాటలను చివరి అక్షరం నుంచి వెనక్కి, స్పెల్లింగ్ వరసలో పేర్చింది. ఆ పద్ధతిలో ఒకే స్పెల్లింగ్ ఉండి వేరుగా పలికే మాటలు పక్కపక్కనే కూర్చుంటాయి.

జాబితా అయ్యాక అర్థం చూసుకోవడం మరవద్దు. సాయికి స్కై, ఫ్లై, హై ఎంత బాగా కలుస్తాయో డై, లై, క్రై కూడా అంతే బాగా కలుస్తాయి. తరగతిలో పిల్లలు వాటినే ముందు పట్టుకుంటారు. హరికి వర్రీ వేసిన కార్డు ఆ పిల్లవాణ్ని ఏడాది పొడవునా వెంటాడుతుంది.

మీకు ఒక మనవి. పద్యం కోసం పేర్లు పంపమని అడిగే చోట, పేరును తెలుగులో ఇంట్లో పిలిచినట్టు రాయమని ఒక గడి పెట్టండి, ఇంగ్లీషు స్పెల్లింగ్ దాని తర్వాతే. పద్యం అచ్చుకు వెళ్లేముందు మీ డెస్కులో ఒకరు దాన్ని పైకి చదివితే, వినే ఇంకొకరు కాగితం చూడకుండా ఉంటే చాలు.

ఇట్లు,
కొందరు ఇంగ్లీషు ఉపాధ్యాయులం,
కావలి, నెల్లూరు జిల్లా